బాపు పెంకు జెల్లలు

హైదరాబాద్ దవాఖానలో మా వంతు వచ్చేసరికి పొద్దు మళ్లింది. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. బాపు వెన్నుపూసలు విడివిడిగా లేవు. నడుము నుంచి మెడ దాకా ఒకే కట్టెలా అతుక్కుపోయాయి.

"ఇది నీళ్ల వల్ల వచ్చిందమ్మా," అన్నాడు డాక్టరు. "ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగితే ఎముక ఇలా అవుతుంది. వంగిన నడుము మళ్లీ లేవదు. నొప్పి తగ్గడానికి మందులు రాస్తాను. ఇకనైనా ఆ బోరు నీళ్లు తాగనివ్వకండి."

బాపు కర్ర పట్టుకుని లేచి బయటికి నడిచాడు.

అప్పటికి తెలంగాణ వచ్చి ఏడాది కావస్తోంది. మాది నల్లగొండ జిల్లాలో మునుగోడు దిక్కున ఒక పల్లె. తాతల నాటి నుంచీ గొర్రెలే మా బతుకు. నేను చదువుకుని మా మండలంలోనే హైస్కూల్లో జీవశాస్త్రం టీచరునయ్యాను. నా భర్త ఉద్యోగం కూడా దగ్గర్లోనే కావడంతో పెళ్లయ్యాక కూడా అమ్మా బాపుల ఇంటి పక్కనే ఉండిపోయాం. బాపు నడుము మెల్లమెల్లగా వంగింది. తర్వాత మెడ బిగుసుకుంది. చూపు ఎప్పుడూ నేల మీదే ఉండేది. ఎదురుగా మనిషి నిలబడితే అతని చెప్పులు చూసి ఎవరో గుర్తుపట్టేవాడు. గొర్రెపిల్లను ఎత్తుకోలేని రోజు వచ్చాక మందను చిన్నాన్న కొడుకులకు ఇచ్చేసి, అమ్మ కోసం కొన్ని మేకలు మాత్రం ఉంచాడు. ఇక అరుగు మీద కూర్చోవడం తప్ప ఆయనకు పని లేకుండా పోయింది. మాట కూడా తగ్గిపోయింది.

ఆ రోజు నేను మందుల కిటికీ దగ్గర నిలబడి తిరిగి వచ్చేసరికి బాపు హాలు మూలన ఉన్న అక్వేరియం ముందు కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఉన్న పిల్లలు పైన తిరిగే ఎర్ర చేపలనూ బంగారు చేపలనూ చూపించుకుంటున్నారు. బాపు మెడ అంత పైకి లేవదు. ఆయన కళ్లకు అందేది తొట్టి అడుగు ఒక్కటే. అక్కడ వేలెడంత చేపలు కొన్ని మట్టిరంగులో, మూతికి మీసాలతో, ఇసుకను మూతితో తవ్వుతూ గుంపుగా తిరుగుతున్నాయి.

"బిడ్డా, గా కిందున్నవి సూడు," అన్నాడు బాపు. పొద్దున ఊరు దాటాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. "ఉండి ఉండి ఒకటి దబ్బున పైకి పోతాంది, మల్ల దబ్బున కిందికొస్తాంది. దానికేమన్న బీమారా?"

"బీమారి కాదు బాపూ. పైకి పోయి గాలి మింగి వస్తది. నీళ్లల్ల గాలి తక్కువైతే గట్లనే బతుకుతయ్ అవి."

"ఇంకోటి సూడు. నా దిక్కు సూసి కన్ను గొడ్తాంది."

నిజమే. ఆ జాతి చేప కనుగుడ్డును కిందికి తిప్పితే మనకు కన్ను గీటినట్టే ఉంటుంది. బాపు పెదవి కొద్దిగా కదిలింది. నవ్వాడో లేదో చెప్పలేను కానీ, బస్సుకు టైమవుతోందని నేను తొందరపెట్టే దాకా లేవలేదు.

వారం తర్వాత నేను నల్లగొండ వెళ్లి ఒక గాజు తొట్టి, గాలి బుడగల మోటారు, ఆ చేపలే ఒక గుంపు కొనుక్కొచ్చాను. దుకాణమాయన వాటి పేరు కోరీ అన్నాడు. దక్షిణ అమెరికా నదుల చేప, క్యాట్‌ఫిష్ జాతి, మన జెల్ల చేపకు దూరపు చుట్టం. జెల్లకు ఒళ్లు నున్నగా ఉంటుంది. దీనికి మాత్రం రెండు పక్కలా పైన ఒక వరుస, కింద ఒక వరుసగా గట్టి పలకలు ఇంటి మీది పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. బాపు కూర్చునే చోట చిన్న పీట వేసి, ఆయన చూపుకు సరిగ్గా అందేలా తొట్టి పెట్టాం.

"పెంకు జెల్ల," అన్నాడు బాపు వాటిని కాసేపు చూసి. మా ఇంట్లో ఇక అదే పేరు నిలిచిపోయింది.

సాయంత్రం మేకలు తోలుకొచ్చిన అమ్మ ఆ తొట్టి చూసి ముక్కు మీద వేలేసుకుంది. "గొర్లు కాసెటోడు షాపలు కాస్తాండు. కూరకన్న అయితయా ఇవి?"

"కూరకు నీ మేకలున్నయ్ గదా," అన్నాడు బాపు. వాళ్లిద్దరూ అలా మాటకు మాట అనుకుని చాలా రోజులైంది.

మొదట్లో మాకు తెలియక చాలా తప్పులు జరిగాయి. దుకాణంలో ఇచ్చిన రంగురాళ్లు అడుగున పరిచాం. నెల తిరిగేసరికి చేపల మీసాలు అరిగిపోయాయి. అవి తిండి వెతుక్కునేది మీసాలతోనే. బాపు తొట్టిలో చెయ్యి పెట్టి ఒక రాయి తీసి బొటనవేలితో రుద్ది చూశాడు. "గీ రాయి కోస్తాంది. మెత్తటి ఇసుక గావాలె," అని, మర్నాడు అమ్మకు గంప ఇచ్చి వాగులో ఇసుక తెమ్మన్నాడు. నేను ఇంటర్నెట్‌లో చదివిందీ అదే. అమ్మ సణుగుతూనే తెచ్చింది. బాపు దాన్ని పిండి జల్లెడతో జల్లించి, నీళ్లు తేటగా వచ్చే దాకా కడిగాడు. పిండి జల్లెడ పాడైందని అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. చేపలు మాత్రం ఆ ఇసుకలో కళ్ల దాకా మూతి దింపి, ఒక పక్క నుంచి మింగి, మొప్పల్లోంచి దులిపేస్తూ సంబరపడ్డాయి. మీసాలు మెల్లగా మళ్లీ పెరిగాయి.

నీళ్లతోనే మేం చిక్కుల్లో పడ్డాం. మాకున్నది బోరు నీళ్లు. వాటితో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెలకు తెల్లటి పొర కడుతుంది. ఆ వేసవిలో చేపల్లో కొన్ని ఒక్కొక్కటే తిండి మాని, మూలకు చేరి చచ్చిపోయాయి. నీళ్లే కారణమని నేను రుజువు చేయలేను. ఎండలు కూడా ఎక్కువే. కానీ బాపుకు అనుమానమే లేకపోయింది.

"నా బొక్కలు తిన్న నీళ్లు వాటినెందుకు ఇడుస్తయ్?" అన్నాడు. ఉన్నవాటిని ఎవరికైనా ఇచ్చేయమని, ఇక తెచ్చి చంపవద్దని నాతో గట్టిగా చెప్పాడు. తొట్టి మీద తన పాత గొంగడి కప్పేశాడు.

ఊళ్లో అప్పటికే ఫిల్టర్ నీళ్ల ప్లాంటు ఉంది. తాగడానికి మేం ఆ క్యాన్లే తెచ్చుకునేవాళ్లం. ఒక ఆదివారం నేను గొంగడి తీసి, సగం తొట్టి ఖాళీ చేసి, రెండు క్యాన్ల ఫిల్టర్ నీళ్లు పోశాను. బాపు వద్దనలేదు. నాలుగైదు రోజులకు మిగిలిన చేపలు మళ్లీ గుంపు కట్టాయి. అరుగు మీది నుంచి "బిడ్డా, తిన్నయ్," అని ఆయన కేకేస్తే వంటింట్లో ఉన్న నాకు కళ్లు చెమర్చాయి.

అలా రెండేళ్లకు పైగా గడిచింది. చేపలు బతికాయి, కానీ పిల్లలు పెట్టలేదు. వాటి జాతి ఉండే దక్షిణ అమెరికా నదుల వీడియోలు నా ఫోన్లో బాపుకు చూపించేదాన్ని. అడవిలో నీడన పారే వాగు, అడుగున పసుపు ఇసుక, దాని మీద వందలాది చేపలు మూతులు దించి మేస్తూ కదిలిపోతుంటాయి. వానాకాలం రాగానే చల్లటి కొత్త నీరు దిగి వాగు పొంగుతుంది. అదే వాటికి గుడ్లు పెట్టే కాలం.

బాపు ఫోన్ ఒళ్లో పెట్టుకుని కిందికి చూస్తూ అడిగాడు: "గా దేశంల గొర్లున్నయా?"

"ఉన్నయ్ బాపూ. అడవిల గాదు, ఎత్తుల కొండల మీద."

"మంచిది," అన్నాడు, ఏదో తృప్తిగా.

ఆ తర్వాత మా ఊరికి పైపులు వచ్చాయి. వీధి వీధీ తవ్వి, ఇంటింటికీ నల్లా పెట్టి, కృష్ణ నీళ్లు ఇస్తామన్నారు. మా ఊళ్లో చాలామంది నమ్మలేదు. చిన్నప్పటి నుంచి ఎన్ని మాటలు విన్నామో. ఒక రోజు పొద్దున నల్లా దగ్గర గాలి బుసబుసమంది. ముందు ఎర్రటి నీళ్లు, తర్వాత తేట నీళ్లు వచ్చాయి. అమ్మ దోసిట పట్టి నోట్లో పోసుకుని, కాసేపు నాలుక మీదే ఉంచుకుని, "సప్పగున్నయ్," అన్నది. ఆ మధ్యాహ్నమే పప్పు నానబెట్టకుండా పొయ్యి మీద పెట్టి, ఉడికిందో లేదో చూడడానికి పదిసార్లు మూత తీసింది. పప్పు మెత్తగా ఉడికింది. పక్కింటి వాళ్లకు గిన్నెతో పంపించింది.

చేపల తొట్టికి మాత్రం బాపు ఆ నీళ్లు వెంటనే పోయనివ్వలేదు. మందు వాసన వస్తోందన్నాడు. క్లోరిన్ పోవడానికి ఒక రోజు బకెట్లలో నిలబెట్టాలని నేను చెప్పాను. ఆయన రెండు రోజులు నిలబెట్టాడు. రోజూ కొంచెం పాత నీళ్లు తీసి కొంచెం కొత్తవి పోసేవాడు. వంగిన నడుముతో చెంబు చెంబు మోసుకొచ్చేవాడు. సాయం చేయబోతే కోపం వచ్చేది.

ఆ ఏడు తొలకరి బాగా కురిసింది. రాత్రంతా వాన పడి తెల్లారి చల్లగా ఉంది. నేను బడికి బయల్దేరుతుంటే బాపు పిలిచాడు.

"బిడ్డా, జర ఇటు రా. అద్దానికి ఏమో అంటుకున్నయ్."

తొట్టి గోడకు సగ్గుబియ్యం గింజల్లాంటి చిన్న చిన్న ముత్యాలు. ఇంతలో ఒక ఆడచేప పొట్ట కింది రెక్కలను దొప్పలా మడిచి, అందులో రెండు మూడు గుడ్లు పట్టుకుని, అద్దాన్ని మూతితో తుడుచుకుంటూ పైకి ఈది, వాటిని అతికించి కిందికి వచ్చింది. నేను బడికి ఆలస్యమవుతున్నానన్న సంగతే మరిచిపోయి అక్కడే చతికిలబడ్డాను.

"గుడ్లా?" అన్నాడు బాపు.

"గుడ్లే. కానీ ఉంచితే పెద్దయే తినేస్తయ్. తీసి వేరే పెట్టాలె."

ఆయన వేళ్లు కూడా అప్పటికి పూర్తిగా మడత పడేవి కావు. అయినా చూపుడువేలి కొసతో ఒక్కో గుడ్డునూ అద్దం మీద మెల్లగా దొర్లించి, చితక్కుండా తీసి స్టీలు గిన్నెలో వేశాడు. నేను రెండు చితక్కొట్టేసరికి నన్ను తప్పుకోమన్నాడు. కొన్ని గుడ్లకు తెల్ల బూజు పట్టింది. వాటిని ఏరి పారేశాడు. నాలుగో రోజు గిన్నె అడుగున కనుపాపలు మాత్రం కనిపించే పోగుల్లాంటి పిల్లలు కదిలాయి. ఉడికిన కోడిగుడ్డు సొనను సూదిమొనంత తీసి నీళ్లలో కలిపి పెట్టాం. మొదటిసారి ఎక్కువై నీళ్లు కుళ్లి సగం పోయాయి. రెండో కాన్పుకు బాపు చెయ్యి కుదురుకుంది. వాన పడ్డప్పుడల్లా చూరు కింద గంగాళం పెట్టి ఆ నీళ్లూ పట్టేవాడు. ఏడాది దాటేసరికి మా అరుగు మీద నాలుగు తొట్లయ్యాయి, ఊళ్లో వాళ్లు చేపలు చూడడానికి వచ్చి బాపుతో మాట్లాడి పోయేవాళ్లు.

అప్పుడు ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. మా అక్కను కొల్లాపూర్ దగ్గరి ఊరికి ఇచ్చారు. వాళ్ల కొత్త ఇంటి గృహప్రవేశానికి పిలుపొచ్చింది. "అటు పోతే కృష్ణమ్మ దగ్గరనే గదా," అన్నాడు బాపు. "కొన్నింటిని నదిల ఇడుద్దం. నదిల పుట్టిన జాతి. ఎన్నాళ్లని తొట్టిల ఉంటయ్? ఆ తల్లి నీళ్లతోనే గదా ఇవి పుట్టినయ్."

"వద్దు బాపూ," అన్నాను. "ఇవి మన నదివి గావు. మన చేపల గుడ్లు తింటయో, వాటి తిండి గుంజుకుంటయో ఎవరికీ ఎరుక లేదు. ఒక్కసారి ఇడిస్తే మల్ల పట్టలేం."

"వేలెడంత షాప. అంత పెద్ద నదిని ఏం జేస్తది?"

నేను ఎంత చెప్పినా వినలేదు. తన మంద, తన ఇష్టం అన్నట్టు చిన్న చేపలను మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పట్టి, మూతకు రంధ్రాలు చేసి, కారులో కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. నా భర్త నన్ను చూసి, పోనీలే అన్నట్టు సైగ చేశాడు. దేవరకొండ, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ మీదుగా పోతుంటే ప్రతి చోటా కారు ఆపించి డబ్బా మూత తీసి చూశాడు.

గృహప్రవేశం అయిన మర్నాడు పొద్దున నది దగ్గరికి పోయాం. ఒడ్డున ఒక జాలరి, అతని భార్య వల పరిచి చిక్కులు తీస్తున్నారు. బాపు కర్రతో నేల చూసుకుంటూ నడుస్తూ, కాలు వేయబోయిన చోట ఠక్కున ఆగాడు. మూరెడు పొడవున్న నల్లటి చేప ఒకటి గులకరాళ్ల మీద పడి ఉంది. ఒళ్లంతా గరుకు పెంకులు, వీపు మీద ముల్లు, నోరు కడుపు వైపుకు.

"ఇదేంది తమ్మీ?" అన్నాడు.

"దయ్యం షాప పెద్దయ్యా," అన్నాడు జాలరి. "వలకు పడిందంటే ముండ్లు చిక్కుకొని రాదు. వల కొయ్యాలె, లేకుంటే అది చింపుతది. తినరాదు, అమ్మరాదు. ఎవరో ఇంట్ల అద్దాల పెట్టెల పెంచి, పెరిగినంక చెరువుల ఏసినరంట. వానలకు కొట్టుకొచ్చి నదిల పడ్డయ్. ఏటికేడు ఎక్కువైతున్నయ్."

అతని భార్య కత్తితో కోసిన వలను ఒళ్లో పెట్టుకుని దారంతో కుడుతోంది. బాపు కర్ర ఆసరాతో మెల్లగా అక్కడే కూర్చుని, ఆ పెంకుల మీద చెయ్యి వేసి తడిమాడు.

"డబ్బల ఏం తెచ్చినవ్ పెద్దయ్యా?" అని అడిగింది ఆమె.

బాపు మూత తీసి చూపించాడు.

"అబ్బ, చిన్నగ ముద్దుగున్నయ్ గదా."

"చిన్నగున్నప్పుడు అది గూడ ముద్దుగనే ఉండొచ్చు బిడ్డా," అన్నాడు బాపు. మూత పెట్టి గట్టిగా తిప్పాడు. "నావి గింత పెరగవని మా బిడ్డ చెప్తది. పెరగకపోనీ. మీ వలలకెందుకు ఫికర్."

డబ్బా నాకిచ్చి, నీళ్ల అంచు దాకా నడిచాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. చీలమండల దాకా నీళ్లలో నిలబడి, వంగే ఉన్నాడు కనుక ఇంకా వంగాల్సిన పని లేకుండా, దోసిలితో నీళ్లు తీసి మొహానికి కొట్టుకున్నాడు.

"మన నల్లాకొచ్చేది గీ నీళ్లేనా?"

"గీ నది నీళ్లే బాపూ. కింద సాగర్ కాన్నుంచి వస్తయ్."

"ఎంత దూరమొచ్చినయ్ పాపం," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన ముఖం చిన్నబోతుందేమో అనుకున్నాను. దేవరకొండ దాటాక తనే అడిగాడు: "మీ బడిల పాత సిమెంటు తొట్టి ఖాళీగ ఉందంటివి గదా?"

నల్లాలు వచ్చాక మా బడిలో నీళ్ల తొట్టి వాడకం తగ్గిపోయింది. హెడ్‌మిస్ట్రెస్‌తో మాట్లాడితే ఆమె సరేనంది. తొట్టి సున్నం గీకి, పిల్లలతో కడిగించి, నెల రోజులు నీళ్లు మార్చి మార్చి పోశాం. చేపలు వేసే రోజున బాపు నా స్కూటీ వెనక కూర్చుని వచ్చాడు. నడుము వంగాక బంధువుల పెళ్లిళ్లకు కూడా పోనన్న మనిషి, పిల్లల మధ్య తొట్టి గట్టు మీద కూర్చున్నాడు. తర్వాత వారంలో రెండు మూడు రోజులు రావడం మామూలైపోయింది. ఎంత తిండి వేయాలో, ఎందుకు ఎక్కువ వేయకూడదో, గుడ్డును ఎలా దొర్లించాలో ఆయనే చెప్పేవాడు. ఈ చేపలను వాగులో, చెరువులో వేయబోమని ప్రతి క్లాసుతోనూ ముందు ఒట్టు పెట్టించేవాడు.

ఒక ఆరో తరగతి పిల్ల అడిగింది: "తాతా, నువ్వు గట్లెందుకు వంగినవ్?"

నేను ఆ పిల్లను వారించబోయాను. బాపు చేత్తో ఆగమన్నాడు.

"నీళ్లు మంచియి గావు బిడ్డా అప్పుడు. మాకు తెల్వది. దూపయింది, తాగినం."

"ఇప్పుడు మేం తాగేటివి?"

"మంచియే. ఏదీ, పండ్లు సూపియ్."

ఆ పిల్ల పళ్లికిలించింది. బాపు మెడ లేవదు కనుక తనే గొంతు కూర్చుని, ఆయన ముఖం కిందికి ముఖం పెట్టింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నా క్లాసులో సగం మంది పళ్ల మీద గోధుమరంగు ఫ్లోరైడ్ గార ఉండేది. నా పళ్ల మీదా ఉంది. ఆ పిల్ల పళ్లు తెల్లగా, ఎగుడుదిగుడుగా ఉన్నాయి. మిగిలిన పిల్లలు కూడా వరుస కట్టి ఒక్కొక్కరే కింద కూర్చుని ఆయనకు పళ్లు చూపించారు. బాపు అందరివీ ఓపికగా చూసి, ఒకరిద్దరిని పొద్దున పళ్లు తోముకోలేదని పట్టుకున్నాడు.

మొన్నటి వానాకాలం తర్వాత పిల్లలను మా ఊరి వాగుకు తీసుకుపోయాను. చెక్‌డ్యాం కట్టినప్పటి నుంచి అందులో నీళ్లు సంక్రాంతి దాటినా ఉంటున్నాయి. బాపు ఆటోలో వచ్చాడు. ఇప్పుడు కర్ర ఒకటి చాలడం లేదు, రెండు పట్టుకుంటున్నాడు. మందులు వేసుకున్నా చలికాలంలో నొప్పి ఎక్కువే. అయినా బండ మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాడు. పిల్లలు పాత చున్నీని వలలా పట్టి పరకలు, రొయ్యపిల్లలు పైకి తీస్తున్నారు. చూసి, వాటి పేర్లు రాసుకుని, మళ్లీ వదలడం ఆ రోజు పాఠం.

వాళ్లలో ఒక పిల్ల దోసిట్లో ఏదో పట్టుకుని, నీళ్లు కారిపోకుండా పరుగున బాపు దగ్గరికి వచ్చింది. మీసాలున్న చిన్న చేప, నున్నటి ఒళ్లు, తోక దగ్గర నల్లటి చుక్క.

"తాతా, పెంకు జెల్లేనా? ఎవరన్న ఇడిసిండ్రా?"

బాపు ఆ దోసిలిని తన చేతుల్లో పట్టుకుని దగ్గరికి తెచ్చుకున్నాడు. చేప మీద వేలితో తల నుంచి తోక దాకా నిమిరాడు.

"పెంకు లేదు బిడ్డా. ఇది ఉత్త జెల్ల. మనదే." నా వైపు తిరిగాడు. "గీ వాగుల దీన్ని నీ పెండ్లికి ముందు సూసిన, మల్ల ఇయ్యాల్నే."

"మల్లెట్లొచ్చింది తాతా?" అన్నది ఆ పిల్ల.

"నీళ్లున్నయ్, వచ్చింది," అన్నాడు బాపు. "ఇడువు, ఇడువు. దాన్ని పోనియ్."